మిల్లు వాలు మీద నాలుగు టైర్లు

పది నెలలుగా ఆ నాలుగు టైర్లూ మా నేలమాళిగలో బంగాళాదుంపల బస్తా పక్కన పడి ఉన్నాయి. కిందికి దిగినప్పుడల్లా వాటిని చూసేదాన్ని. చూసినప్పుడల్లా అడెలార్ గాన్యేని మనసులో ఒకసారి పాతిపెట్టి పైకి వచ్చేదాన్ని. మొగుడు పోయాక మారియెల్‌కి మతి చలించిందనీ, చచ్చినవాడి టైర్లు ఇంట్లో దాచుకుందనీ ఊళ్ళో చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను. పిచ్చిదాన్ని చూసి ఎవరూ జాగ్రత్తపడరు కదా, ముఖ్యంగా అడెలార్ జాగ్రత్తపడకపోవడమే నాకు కావాలి.

క్లోవిస్ నా మొగుడు. ముప్ఫై నాలుగేళ్ళు కాగితం మిల్లులో పనిచేసి, ఒక్కరోజు కూడా ఎవరిమీదా గొంతెత్తకుండా ఇంటికొచ్చిన మనిషి. జనవరి పద్నాలుగున పొద్దున్న, మా ఇళ్ళున్న మెరక నుంచి నది ఒడ్డుకి దిగే మిల్లు వాలు మీద, రెండో మలుపులో కారు జారి లోయలో పడి చనిపోయాడు. అతను వస్తున్నది నాకోసమే. వాలు అడుగున ఉన్న వృద్ధుల ఆశ్రమంలో నాది రాత్రి డ్యూటీ. ఏడింటికి అయిపోతుంది. రోజూ అతనే వచ్చి తీసుకెళ్ళేవాడు.

నా తప్పు ముందే చెప్పేస్తాను. ఏడూ ఇరవైకి ఫోన్ చేశాను. "ఇరవై నిమిషాలుగా గుమ్మంలో నిలబడ్డాను, కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి, ఎక్కడ చచ్చావ్?" అన్నాను. సరిగ్గా ఆ మాటే. ఫోన్లో గాలి హోరు వినిపించింది. "కిటికీ తీసి మళ్ళీ సిగరెట్టు కాలుస్తున్నావా?" అని దానికీ ఒకటి తగిలించాను. "వస్తున్నా మారియెల్, వస్తున్నా" అన్నాడు. ఆ తర్వాత అతని గొంతు నేను వినలేదు.

ఆ ఫోన్ సంగతి ఊరికి తెలియదు. కానీ నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే పోలీసు నివేదికలో 'పరిస్థితికి మించిన వేగం' అని రాగానే జనం మిగతాది తామే అల్లుకున్నారు. ఆలస్యమైందని పెళ్ళానికి భయపడి తోలాడట. క్లోవిస్‌ని చంపింది మంచు కాదు, మారియెల్ నోరు అట. మెల్లగా పోయే క్లోవిస్ వెనకాల కారు నడపాల్సి వస్తే శవయాత్రలో ఉన్నట్టుంటుందని నవ్వినవాళ్ళే ఈ మాట అన్నారు.

ఇంతకీ పోలీసులకి వేగం అని చెప్పిందెవరు? అడెలార్. ఊరికి టైర్లు అమ్మేది అతనే, జారిపడ్డ కార్లని టోయింగ్ బండితో పైకి లాగేదీ అతనే. ఎటు తిరిగినా డబ్బు అతని గల్లాలోకే. ఆ పొద్దున్న అక్కడికి మొదట వెళ్ళిందీ అతనే. పోలీసులు గంటన్నర దూరం నుంచి వచ్చేసరికి మంచు తోసే బండి వాలంతా చదును చేసేసింది. "చక్రాల గుర్తులు నేను చూశాను, బాగా తోలాడు పాపం. టైర్లు కొత్తవి, నవంబర్లో నేనే బిగించాను" అని అడెలార్ చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ పొద్దున్న అతను నిజంగా వేగంగా వచ్చాడా, లేదా? వస్తే అది నా ఫోన్ చేసిన పని. రాకపోతే అది అడెలార్ టైర్లు చేసిన పని. ఈ రెండింటి మధ్య నాకు పది నెలలు నిద్ర లేదు.

కారుని తుక్కుకి ఇచ్చేటప్పుడు టైర్లు మాత్రం విప్పి ఇమ్మని అడిగాను. అడెలార్ నన్ను పైనుంచి కిందికి చూసి, "జ్ఞాపకానికా?" అన్నాడు. అవునన్నాను. ఇంటికి తెచ్చాక ఫిబ్రవరిలో ఒకరోజు గుడ్డ పెట్టి తుడుస్తూ కూర్చున్నాను. ఒక పక్కకే బ్రేకు మసి పట్టిందంటే ఆ వైపు లోపలికి పెట్టారన్నమాట. ఆ మసి కింద ఒక చిన్న గడిలో నాలుగు అంకెలు కనిపించాయి. 3409. ఏ టైరుకైనా అది పుట్టిన తేదీ. రెండు వేల తొమ్మిది, ముప్ఫై నాలుగో వారం. ఆ అంకెలు టైరుకి ఒక పక్కనే ఉంటాయి. నాలుగు టైర్లకీ ఆ పక్కే లోపలికి తిప్పి బిగించాడు, ఎవరూ నేలమీద పడుకుంటే తప్ప చూడలేకుండా. గోరు పెట్టి నొక్కాను. రబ్బరు లొంగలేదు. పదిహేనేళ్ళు ఏదో కొట్టంలో ఎండి కర్రయిపోయిన సరుకది.

పోలీసులకి ఉత్తరం రాశాను. గాడుల లోతు సరిపోయింది, మంచు టైరని చెప్పే ముద్ర ఉంది, టైరు వయసు గురించి చట్టంలో ఏమీ లేదు అని మర్యాదగా జవాబొచ్చింది. ఆ జవాబు మడిచి పొయ్యిలో వేశాను. చట్టం అక్కర్లేదనుకున్నాను. నవంబర్ ఆఖరు శనివారం ఉంది కదా.

డిసెంబర్ ఒకటికల్లా మా దగ్గర ప్రతి కారుకీ మంచు టైర్లు ఉండి తీరాలి. నెల రోజుల ముందు నుంచీ తెలిసినా ఊరు ఊరంతా ఆఖరి శనివారానికే కళ్ళు తెరుస్తుంది. ఈసారి ఒకటో తేదీ సోమవారం పడింది. ఆపైన శుక్రవారం వాన పడి పడ్డది పడ్డట్టు గడ్డకట్టింది. శనివారం పొద్దున్న అడెలార్ గరాజు ముందు పద్నాలుగు కార్లు, లోపల కాఫీ గిన్నె చుట్టూ పాతికమంది. ఆ గరాజు వాలు అడుగునే ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే రెండు మలుపులూ కనబడతాయి. లోపల గోడకి ఒక దుప్పి తల, దాని కింద వాళ్ళ నాన్న కాలం నాటి బోర్డు: 'నేను నడపని టైరు నేను అమ్మను.'

నా టైర్లని పక్కింటి ఫిలెమాన్ తన ట్రక్కులో వేసుకొచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, ఎందుకని అడగలేదు. నేను లోపలికి వెళ్ళేసరికి రేట్ల మీద ఏడుపు నడుస్తోంది. నిరుడు తొమ్మిది వందల ఎనభై డాలర్లున్న నాలుగు టైర్లు ఈ ఏడు పన్నెండు వందల నలభై. బిగించడానికి వేరే, చక్రాల తూకం సరిచూడడానికి వేరే, విప్పిన వేసవి టైర్లు కొట్టంలో ఉంచినందుకు అద్దె. కారు అద్దాలు కడిగే నీలం నీళ్ళ డబ్బా కూడా పాల డబ్బాని మించిపోయింది.

"ఇంకో రెండేళ్ళు పోతే టైర్లు కొనుక్కుని కారు అద్దెకి తెచ్చుకోవాలి" అన్నాడు ఫిలెమాన్.

"కొనకపోతే సోమవారం పోలీసువాడు గుంజుతాడు, కొంటే ఇవాళే అడెలార్ గుంజుతాడు. ఎవడికి దొరకాలో మనిష్టం" అంది పోస్టాఫీసు రొలాండ్. అందరూ నవ్వారు. అడెలార్ కూడా నవ్వాడు. అతనికి గిట్టుబాటయ్యే నవ్వే కదా.

నిరుడు ఇదే గదిలో ఈ రేట్లు చూసి క్లోవిస్ తల గోక్కుంటే, అడెలార్ పక్కకి పిలిచి, "నీకు మాత్రం ఏడు వందలకి చేస్తాను, ఎవరికీ చెప్పకు" అన్నాడట. ఆ రోజు క్లోవిస్ ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. మిగిలిన డబ్బుతో నాకు లోపల బొచ్చున్న బూట్లు తెచ్చాడు. గుమ్మంలో నిలబడితే కాళ్ళు చల్లబడుతున్నాయని నేను ఎప్పుడూ గొణిగేదాన్ని. ఇవాళ ఆ బూట్లే వేసుకొచ్చాను. జారకుండా తొడిగే ఇనప ముళ్ళ పట్టీలు కోటు జేబులో పెట్టుకున్నాను.

ఫిలెమాన్ టైర్లని ఒక్కొక్కటే లోపలికి దొర్లించాడు. 

"ఏమ్మా మారియెల్, చివరికి పారేద్దామని తెచ్చావా?" అన్నాడు అడెలార్, గొంతు మెత్తగా చేసి. "మంచి పని చేశావు. నీ దగ్గర డబ్బులేం తీసుకోనులే."

"పారేయడమెందుకు? రెండు నెలలు నడిచిన టైర్లు. ఈ రేట్లలో పారేసుకునే తెలివితక్కువది ఎవత్తి? నాకు ఒక్క మాట చెప్పు చాలు. ఇవి మంచివేనా, కాదా? పోలీసులకి చెప్పావుగా, నాకూ చెప్పు."

అడెలార్ ఒకసారి జనం వైపు చూశాడు. అంతమంది ముందు అతను ఇంకేం చెప్పగలడు? వంగి గాడిలో వేలు పెట్టి అందరికీ చూపించాడు.

"చూడండి, ఎంత లోతుందో. ఇంకో నాలుగు చలికాలాలు కళ్ళు మూసుకుని నడపొచ్చు. నేను అప్పుడూ ఇదే చెప్పాను, టైర్లలో తప్పు లేదు. పాపం క్లోవిస్..."

"ఊఁ. పాపం క్లోవిస్, ఏమిటి?"

"కాలు కాస్త బరువు పడింది. ఎవరికైనా జరుగుతుందమ్మా."

పది నెలలు నేను ఎదురుచూసింది ఈ మాటకే.  అయినా గొంతు పెంచలేదు. నేను గొంతు పెంచకపోవడం చూసి రొలాండ్ కాఫీ కప్పు కింద పెట్టింది.

"అయితే వీటిని మీ ఆవిడ కారుకి బిగించు. సైజు సరిపోతుంది, జూన్‌లో చర్చి ముందు వంగి మరీ చూశాను. బిగించి, నన్ను పక్కన కూచోబెట్టుకుని వెనకదారిన పైకి తీసుకెళ్ళి, మిల్లు వాలు మీదుగా ఇక్కడికి దింపు. దిగామంటే, తప్పు క్లోవిస్‌దేనని వీళ్ళందరి ముందూ నా నోటితో చెప్తాను. ఇక నీ జోలికి రాను."

"నీకేమైనా పిచ్చా?"

"ఊరంతా అదేగా అంటోంది."

"ఇంత పని పెట్టుకుని ఇప్పుడు షికార్లా? బయట పద్నాలుగు కార్లున్నాయి."

"మాకేం తొందర లేదు" అన్నాడు ఫిలెమాన్ కాఫీ పోసుకుంటూ. "కానీ అడెలార్, నువ్వు రానంటే చెప్పు. నిచ్చెన తెచ్చి ఆ బోర్డు దింపేస్తాను. మీ నాన్న రాయించింది, విరిగిపోకుండా దింపాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. అడెలార్ మెడ ఎర్రబడింది. పక్క టౌనులో కొత్తగా పెద్ద టైర్ల కొట్టు తెరిచారు. ఇవాళ వీళ్ళు చేజారితే మళ్ళీ రారని అతనికి తెలుసు. చేతులు తుడుచుకుని భార్య కారుని లోపలికి తెచ్చాడు. ముప్పావు గంట పట్టింది. ఒక్కరు కూడా కదల్లేదు. మొదటి టైరుని చట్రానికి ఎక్కిస్తుంటే దగ్గరికెళ్ళి మసి పట్టిన పక్కని వేలితో తాకాను.

"ఈసారి ఈ పక్క బయటికి పెట్టు" అన్నాను, అతనికి మాత్రమే వినిపించేలా.

అతని చెయ్యి ఆగింది. నా కళ్ళలోకి చూశాడు. నాకు తెలుసని అతనికి తెలిసిపోయింది. అక్కడే ఆపేసి ఉండొచ్చు. కానీ మెల్లగా నడిపితే దిగిపోతామనీ, దిగితే నా నోరు శాశ్వతంగా మూతపడుతుందనీ లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క అతని ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది. టైరు తిప్పి, చెప్పిన పక్కే బయటికి పెట్టాడు.

వెనకదారి దూరమెక్కువ, కానీ మెల్లగా ఎక్కుతుంది. ఇసుక కూడా చల్లారు. అక్కడ కారు బాగానే నడిచింది. అడెలార్‌కి ధైర్యం వచ్చి ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీశాడు కూడా.

"ఎన్నాళ్ళు నన్నిలా సాధిస్తావు మారియెల్? చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూచున్నాం."

"అప్పుడూ నా పెన్సిళ్ళు దొంగిలించి నీవేననేవాడివి."

మెరక మీదికి ఎక్కి, మా ఇంటి ముందు నుంచే వెళ్ళాం. చలికాలంలో మంచు పడకుండా కారు మీద వేసుకునే తెల్ల గుడారం ఈ ఏడు నేను వెయ్యలేదు. అందులో పెట్టడానికి కారు లేదు. అడెలార్ అటు చూడలేదు. తర్వాత వాలు మొదలయ్యే చోటు వచ్చింది. మంచు కరిగించే ఉప్పు రేటు పెరిగిందని మునిసిపాలిటీ ఈ ఏడు వాలు మీద రోజుకి ఒక్కసారే చల్లుతోంది. ఆ ఒక్కసారీ ఇంకా కాలేదు. రోడ్డు గాజులా ఉంది. అడుగున గరాజు, దాని ముందు చీమల్లా జనం కనిపించారు. అందరి ముఖాలూ పైకే ఉన్నాయి.

అడెలార్ తక్కువ గేరులో పెట్టి ఒక కారు పొడవు ముందుకి పోనిచ్చాడు. బ్రేకు మీద కాలు ఆనించాడు. కాలికింద బ్రేకు కటకటలాడింది గానీ కారు ఆగలేదు. చప్పుడు లేకుండా, తాపీగా పక్కకి తిరుగుతూ జారింది. మా ఊళ్ళో తిట్లంటే చర్చి సామాన్ల పేర్లే; పాత్రలతో సహా అవన్నీ వరసగా అడెలార్ నోటి నుంచి వచ్చాయి. స్టీరింగు పూర్తిగా తిప్పినా చక్రాలు వినలేదు. రోడ్డు పక్కన తోసిన మంచు గుట్టకి ముందు భాగం తగిలి కారు నిలబడింది. నాకూ భయమేసింది, కాదనను. కానీ అతను స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని వేలాడడం చూశాక నా భయం పోయింది.

"ఆపేశావేం?" అన్నాను.

"దిగలేం."

"కొత్త టైర్లేగా?"

"మారియెల్..."

"నాలుగు చలికాలాలు కళ్ళు మూసుకుని నడపొచ్చన్నావు. మూసుకో. నడుపు."

అతను స్టీరింగు మీద నుదురు ఆనించాడు.  నేను తొందరపెట్టలేదు. ఆ మౌనాన్ని చప్పరిస్తూ కూర్చున్నాను, పది నెలల ఆకలి మరి.

"మూతపడ్డ ఒక కొట్టు వాళ్ళ దగ్గర కొన్నాను" అన్నాడు చివరికి. "ఇరవై ఎనిమిది టైర్లు. వాడినవి కావు. గట్టిపడ్డాయని తెలుసు. కానీ ఏటేటా రేట్లు పెరుగుతుంటే వచ్చినవాడల్లా తగ్గించు, తగ్గించు అని నా ప్రాణం తీస్తారు. ఏదో ఒకటి చూపించాలిగా. మెల్లగా నడిపేవాళ్ళకే అమ్మాను. ఒట్టు. క్లోవిస్ మెల్లగా నడుపుతాడనే..."

"మెల్లగా నడుపుతాడనే అమ్మి, వేగంగా నడిపాడని చెప్పావా?"

అతను స్టీరింగు మీంచి నుదురు ఎత్తాడు.

"ఇప్పుడు సరిగ్గా విను అడెలార్. నాకు ఇదొక్కటే కావాలి. ఆ పొద్దున్న గుర్తులు చూసింది నువ్వొక్కడివే. క్లోవిస్ వేగంగా వచ్చాడా?"

"లేదు."

"గట్టిగా చెప్పు."

"లేదు. నడిచే మనిషంత మెల్లగా వచ్చాడు. గుర్తుల వెంబడి పైదాకా నడిచొచ్చాను. ఇదిగో, ఇక్కడే, మంచు తోసే బండి తిరిగే ఈ జాగాలోనే కారు ఆపాడు. చాలాసేపు ఆపాడు. పొగగొట్టం కింద మంచు నల్లబడి కరిగిపోయింది. దిగి కారు చుట్టూ తిరిగాడు. వాలు అంచుదాకా వెళ్ళి బూటుతో రాసి చూసినట్టు గుర్తులున్నాయి. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి చూశాడు. అంత జాగ్రత్తపరుడు పడ్డాడని తెలిస్తే అందరూ టైర్లే చూస్తారు. అందుకే నేను... అలా చెప్పాను."

 కిటికీలోంచి ఆ జాగా వైపు చూశాను. తెల్లగా, ఖాళీగా ఉంది.

"ఎంతసేపు నిలబడ్డాడంటావు?"

"పావుగంట. ఇరవై నిమిషాలు కూడా ఉండొచ్చు."

"ఆ రోజు గాలి వేసిందా ఇక్కడ?"

"ఈ మెరక మీద గాలి లేనిదెప్పుడు? ఎందుకు?"

"ఊరికే" అన్నాను. తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాను. "దిగు. నడుద్దాం."

"ఈ మంచులోనా? ఉప్పు చల్లే బండి వచ్చేదాకా ఆగుదాం. లేకపోతే టోయింగ్ బండి..."

"టోయింగ్ బండి నడిపేది నువ్వే. నిన్ను నువ్వే లాక్కుంటావా?"

బూట్లకి ముళ్ళ పట్టీలు తొడుక్కుని దిగాను. అడెలార్ కాళ్ళకి గరాజులో వేసుకునే, అడుగు నున్నగా అరిగిన బూట్లే ఉన్నాయి. నాలుగడుగులకే కూలబడ్డాడు. లేచి నావైపు చెయ్యి చాపాడు.

"కాస్త చెయ్యివ్వు."

"ఆ రోడ్డు పక్క కడ్డీ పట్టుకో. మే నెలలో వేశారు. క్లోవిస్‌కి అదీ లేదు."

ముప్పావు కిలోమీటరు. నేను ముందు, అతను వెనక. కడ్డీని రెండు చేతులా కౌగిలించుకుని పసిపిల్లాడిలా దిగాడు. అయిదుసార్లు పడ్డాడు, లెక్కపెట్టాను. పడ్డ ప్రతిసారీ ఆగి, లేచేదాకా చూసి, మళ్ళీ నడిచాను. రెండో మలుపు దగ్గర నేను లోయలోకి చూడలేదు. అతన్ని మాత్రం చూడమన్నాను. చూశాడు.

అడుగుకి చేరేసరికి జనం రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. అడెలార్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర చిరిగింది. నేను అతని పక్కకి జరిగి, "చెప్పు" అన్నాను.

"టైర్లు పదిహేనేళ్ళ నాటివి" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"తలెత్తి చెప్పు."

ఎత్తాడు. "క్లోవిస్ వేగంగా రాలేదు. మెల్లగానే వచ్చాడు. నేను అబద్ధం చెప్పాను."

ఫిలెమాన్ తల మీద టోపీ తీశాడు.  అప్పుడు నేను, "ఇంకో ఆరు సెట్లు ఈ ఊళ్ళోనే తిరుగుతున్నాయి. తేదీ లోపలి పక్కన ఉంటుంది" అన్నాను.

అంతే. ఆదివారం ప్రార్థనలో కూడా మా ఊరంతా ఒక్కసారిగా అలా వంగడం నేను చూడలేదు. మంచి కోట్లు వేసుకున్న మగవాళ్ళూ ఆడవాళ్ళూ మంచు మీద వెల్లకిలా పడుకుని, టార్చిలైట్లు పట్టుకుని, తమ కార్ల కిందకి దూరారు. ఒక్కొక్క కారు కింద నుంచి అంకెలు అరుస్తున్నారు. ఎవరో "ముప్ఫై నాలుగు, సున్నా తొమ్మిది!" అన్నారు. అడెలార్ గరాజు గోడకి జేరబడి, తన పేరు మీద ఆ అంకెలు పడడం వింటూ నిలబడ్డాడు. ఫిలెమాన్ లోపలికి వెళ్ళి నిజంగానే నిచ్చెన వేసి బోర్డు దింపాడు. ఈ దృశ్యం కోసమే పది నెలలు బతికాను. తృప్తిగా, ఆఖరి కారుదాకా చూశాను.

రొలాండ్ మోకాళ్ళ మంచు దులుపుకుని లేచి వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు.

"మేం ఎన్ని మాటలన్నామో మారియెల్! నీకు భయపడి తోలాడని నేనే నలుగురికీ చెప్పాను. నా నోరు పడిపోను. అతనేం తొందరపడలేదు. నీ తప్పు ఇసుమంత కూడా లేదమ్మా."

తర్వాత ఒక్కొక్కరే వచ్చి నా భుజం తట్టారు. నీ తప్పు లేదన్నారు. అందరికీ తలూపాను. వాళ్ళ కళ్ళ ముందు అడెలార్ దిగలేక దిగిన ఆ చోటే, ఆ పొద్దున్న క్లోవిస్ ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. రెండుసార్లు అంచుదాకా వెళ్ళి చూశాడు. దిగకూడదని అతని కాళ్ళకి తెలిసింది. అతను సిగరెట్టు కాల్చడం లేదు. కారు కిటికీ తెరిచి లేదు. ఆ గాలిలో, ఆ అంచు మీద నిలబడే నా ఫోన్ ఎత్తి, వస్తున్నా మారియెల్, వస్తున్నా అన్నాడు.